పాడి గేదెకు పోసే కాల్షియం మన కంచంలో ఎంత?

ఈనిన గేదె రెండో రోజో మూడో రోజో కాళ్ళు ముడుచుకుని కూలబడి, మెడ పక్కకు వాల్చి, చెవులు చల్లబడ్డాయంటే మన ఊళ్ళలో ఎవరికైనా తెలుసు, అది పాలజ్వరమని. పేరుకే జ్వరం గాని ఒళ్ళు కాలదు, చల్లబడుతుంది. పరుగున పోయి పశువుల డాక్టరును పిలుచుకొస్తాం. ఆయన నరంలోకి కాల్షియం సీసా మెల్లగా ఎక్కిస్తే చాలాసార్లు గంటలోనే గేదె లేచి నిలబడుతుంది. ఎందుకలా కూలబడిందో కూడా మనకు తెలుసు. లీటరు జున్నుపాలల్లో రెండు గ్రాముల దాకా కాల్షియం పోతుంది. పొదుగులోకి పోయినంత వేగంగా ఎముకల్లోంచి, మేతలోంచి రక్తంలోకి రాకపోతే మనిషంత మనిషిని ఈడ్చుకుపోయే గేదె కూడా లేవలేదు. అందుకే మరుసటి ఈతకు ముందే జాగ్రత్త పడతాం. ఈనాక కాల్షియం డబ్బా తెచ్చి రోజూ కొలిచి తాగిస్తాం. అప్పు చేసైనా తెస్తాం. తప్పు కాదు, అది మన బతుకుతెరువు.

ఆ గేదెకు కుడితి పెట్టి, పాలు పితికి, పేడ తీసే మనిషి సంగతేమిటి? ఇద్దరు ముగ్గురు బిడ్డల్ని మోసి, కని, పాలిచ్చింది. పొద్దున్నే పత్తి తీతకు, ఎండాకాలం మిరప కోతకు పోతుంది. నలభై ఐదేళ్ళకు నడుం పట్టుకుని లేస్తుంది. ఊళ్ళో వైద్యుడు ఒక సూది వేసి, నాలుగు నొప్పి బిళ్ళలు ఇస్తాడు. కాలు జారి పడితే తుంటి విరుగుతుంది. ఆమెకు డబ్బా కొన్న ఇల్లు ఎన్ని ఉంటాయో ఎవరికి వాళ్ళు లెక్క చూసుకోవాలి. డబ్బా అంటున్నాం గాని, నిజానికి ఆమెకు కావలసింది డబ్బా కూడా కాదు, తిండి.

రైతు సంఘం పత్రికలో పత్తి ధర గురించో, సాగర్ కాలువ చివరి భూములకు నీళ్ళ గురించో రాయకుండా ఎముకల గురించి రాస్తారేమిటని కొందరు అడగవచ్చు. పరిటాల నుంచి నందిగామ మీదుగా జగ్గయ్యపేట దాకా మనం ఏం పండిస్తున్నామో, పండించిన దాంట్లో ఇంటికి ఏం ఉంచుకుంటున్నామో, ఏ ధరకు అమ్ముకుంటున్నామో, వాటినిబట్టే మన కంచం తయారవుతుంది. అందుకని ఇది కూడా సేద్యం మాటే.

ముందు లెక్క చూద్దాం. పెద్దవాళ్ళకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని 2020లో భారత వైద్య పరిశోధనా మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నిర్ణయించాయి. 2010 నాటి లెక్కలో ఇది 600 మాత్రమే. పాలిచ్చే తల్లికి, ముట్లుడిగిన ఆడవాళ్ళకు 1,200 కావాలి. మరి తింటున్నది ఎంత? అదే పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న, ఆమె తోటి పరిశోధకులు 30 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉన్న పేదింటి ఆడవాళ్ళ ఎముకల్ని పరీక్షించి 2005లో ఫలితాలు అచ్చువేశారు. ఆ ఆడవాళ్ళకు తిండిలో దొరుకుతున్న కాల్షియం సగటున రోజుకు 270 మిల్లీగ్రాములు. కావలసిన దాంట్లో నాలుగో వంతు చిల్లర. వాళ్ళలో వందకు దాదాపు ముప్పై మందికి తుంటి ఎముక గుల్లబారింది. తెల్ల దేశాల్లో ముసలితనంలో వచ్చే జబ్బు మన ఆడవాళ్ళకు పదేళ్ళు ముందే వస్తోందని ఆమె ఎన్నో చోట్ల చెప్పారు. ఇంకో మాట కూడా ఆమె గట్టిగా అన్నారు. తక్కువ ఖర్చులో కడుపు నింపే లెక్కలు వేసినప్పుడు మన పెద్దలు పేదవాడి కంచంలో గింజలు మాత్రం మిగిల్చి, పాలు, గుడ్లు, మాంసం ఖరీదని తీసేశారని. కడుపు నిండింది, ఎముక నిండలేదు. ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి తెలుగులో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వెనక ఉన్నవాళ్ళలో ఆమె కూడా ఒకరు. మన సంఘం మహిళా కార్యకర్తలు ఎక్కడ దొరికినా ఆ పుస్తకం చదవాలి.

270 అంటే ఎలా వస్తుందో మన ఇంటి తిండితోనే లెక్కవేసి చూస్తే నమ్మకం కుదురుతుంది. పొలం పని చేసే మనిషి రోజుకు తినే నాలుగు వందల గ్రాముల బియ్యంలో వచ్చేది 40 మిల్లీగ్రాములు. పాలిష్ పట్టిన బియ్యం వంద గ్రాముల్లో పదికి మించి ఉండదు. కందిపప్పు ఒక గుప్పెడు వేస్తే 30. వంకాయో దొండకాయో కూర చేస్తే ఒక 50. చింతపండు, మిరపకాయ, పోపు అన్నీ కలిపి 20. రెండు పూటలా టీలో పోసిన పాలతో 120. మొత్తం 260. మజ్జిగ లేని ఇంట్లో అంతే, ఇక రాదు. టీలో పాలు కూడా పొదుపు చేసే ఇంట్లో రెండు వందలు కూడా దాటదు.

ఒంట్లో ఉన్న కాల్షియంలో వందకు తొంభై తొమ్మిది పాళ్ళు ఎముకల్లో, పళ్ళల్లోనే ఉంటుంది. మిగిలిన ఒక్క పాలు రక్తంలో, కండల్లో తిరుగుతూ గుండె కొట్టుకోవడానికి, కండ బిగుసుకోవడానికి పనికొస్తుంది. రక్తంలో అది తగ్గడాన్ని ఒళ్ళు ఒప్పుకోదు. తిండిలో రాకపోతే ఎముక అనే గాదెలోంచి తోడుకుంటుంది. ముప్పై ఏళ్ళ దాకా గాదె నింపుకునే కాలం. ఆ తరువాత ఉన్నది కాపాడుకోవడమే. ఆడపిల్లకు పద్ధెనిమిదేళ్ళకే పెళ్ళి చేసి, ఇరవై రెండేళ్ళకు ఇద్దరు బిడ్డల తల్లిని చేస్తే గాదె నిండకముందే తోడటం మొదలుపెట్టినట్టు. చంటిబిడ్డ రోజుకు తల్లి పాలల్లో రెండు వందల మిల్లీగ్రాములకు పైగా తాగుతుంది. తల్లికి సరిగ్గా పెడితే పాలు మాన్పించాక ఆ లోటు చాలావరకు పూడుతుంది. పెట్టకపోతే పూడదు.

మనం మాత్రం సరిగ్గా ఆ సమయంలోనే పథ్యం పెడతాం. బాలింతకు పెరుగు జలుబు, ఆకుకూర వాతం, పప్పు అరగదు అంటూ వెల్లుల్లి కారంతో అన్నం పెడతాం. పాతకాలం నాటి పెద్దల్ని తప్పుపట్టడానికి కాదు ఈ మాట. అదే పెద్దలు ఆడపిల్ల పెద్దమనిషి కాగానే నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి చేసి పెట్టారు. ఎదిగే వయసులో ఎముకకు అంతకంటే మంచి తిండి వెతికినా దొరకదు. చిమ్మిలి ఇప్పుడు ఫంక్షన్ రోజున ఫొటోకు పళ్ళెంలో పెట్టి వదిలేస్తున్నాం, నాగుల చవితికి పుట్ట దగ్గర పెడుతున్నాం. పుట్టకు పెట్టేది పెట్టండి. ఏడాది పొడుగునా ఇంట్లో పిల్లకు కూడా పెట్టండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. గర్భసంచి ఆపరేషన్లు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద వందకు ముగ్గురు ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. దేశంలో మనదే మొదటి స్థానం, తరువాత తెలంగాణ. పదే పదే పనికి సెలవు పెట్టలేక, తెల్లబట్ట అవుతోందనో నడుం నొప్పి అనో పోతే, తీసేస్తే పీడ పోతుందని చెప్పినవాళ్ళ మాట విని ముప్పై ఐదేళ్ళకే చేయించుకున్న కూలి తల్లులు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకను కాపాడే హార్మోను ఆ రోజుతోనే ఆగిపోతుంది. యాభై ఏళ్ళకు మొదలవ్వాల్సిన ఎముకల అరుగుదల ముప్పై ఐదుకే మొదలవుతుంది. ఆపరేషన్ అయినవాళ్ళకు అందరికంటే ఎక్కువ కాల్షియం కావాలని చెప్పి పంపే ఆసుపత్రి ఎంత అరుదో మనకు తెలుసు. ఆపరేషన్ తప్పదని చెప్పినా రెండో డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోవద్దని మహిళా సభ్యులందరికీ మా మాట.

ఇక పంటల సంగతికి వద్దాం. మన మెట్ట ప్రాంతంలో ఒకప్పుడు జొన్న, సజ్జ, కంది, పెసర, ఉలవ, నువ్వు, వేరుశనగ కలిపి వేసేవాళ్ళు. ఇప్పుడు నల్లరేగడి అంతా పత్తి, మిరప. నీళ్ళు తక్కువైన చోట సుబాబుల్. మిగిలిన చోట మొక్కజొన్న. సుబాబుల్‌కు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కిన రోజులు అందరికీ గుర్తే. ఈ పంటల్లో ఒక్కటి కూడా నేరుగా కంచంలోకి వచ్చేది కాదు, మిరప తప్ప. మిరపకాయ తిని ఎముక పెరగదు. మొక్కజొన్న కోళ్ళ దాణాకు పోతుంది. ఆ దాణాలో సున్నపురాయి నలుసు గాని, గవ్వ పొడి గాని కొలిచి కలుపుతారు. గుడ్డు పెంకు కట్టాలంటే పెట్టకు రోజుకు మూడున్నర నాలుగు గ్రాముల కాల్షియం పడాలి మరి. గేదెకు లెక్క ఉంది, కోడికి లెక్క ఉంది.

జొన్నన్నం తిన్న రోజుల్లో మనుషులు ఇనప గుండ్లలా ఉండేవాళ్ళని పెద్దలు అంటుంటారు. ఆ మాటలో సగమే నిజం. జొన్నలో వంద గ్రాములకు కాల్షియం పాతిక ముప్పై మిల్లీగ్రాములే. బియ్యం కంటే మేలే గాని కొండంత ఏమీ కాదు. ఆనాటి బలం జొన్నలోంచి కాదు, జొన్న సంగటితో కలిపి తిన్న ముంత మజ్జిగలోంచి, గట్టు మీద కోసుకొచ్చిన ఆకుకూరలోంచి, ఉలవల గుగ్గిళ్ళలోంచి, నువ్వుల పొడిలోంచి వచ్చింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు మన పల్లెల్లో ఆకలి తగ్గింది. ఆ పథకాన్ని ఎవరు తక్కువ చేసి మాట్లాడినా మేము ఒప్పుకోం. కాని బియ్యం వచ్చి కూర్చున్న చోట మిగిలినవి లేచిపోయాయి. కార్డు మీద బియ్యంతో పాటు పావు కిలో నువ్వులో, రెండు కిలోల రాగులో వస్తే సంగతి వేరేగా ఉండేది.

రాగి మన జిల్లా పంట కాదు. ఉత్తరాంధ్రలో చోళ్ళంటారు, ఏరు దాటి తెలంగాణలోకి పోతే తైదలంటారు, రాయలసీమలో రాగి సంగటి లేని ఇల్లు లేదు. వంద గ్రాముల రాగిలో 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యానికి ముప్పై ఐదు రెట్లు. గింజల్లో దానికి సాటి లేదు. అయితే రాగిలో ఫైటేట్ అనే పదార్థం కొంత కాల్షియాన్ని పట్టుకుని వదలదు. నానబెట్టి మొలకెత్తించినా, అంబలిగా పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. రాత్రి పులియబెట్టిన అంబలిలో పొద్దున మజ్జిగ కలుపుకుని తాగడం మన ముత్తవ్వలు కనిపెట్టిన పద్ధతి. డబ్బాలో వచ్చే మాల్టు పొడుల్లో చక్కెర ఎంతుందో చూసి కొనండి. మొలకెత్తించి, ఎండబెట్టి, మరలో ఆడించుకుంటే ఇంట్లోనే అయిపోతుంది.

రాగి తరువాత చెప్పాల్సింది నువ్వు. పొట్టు తీయని నువ్వుల్లో వంద గ్రాములకు 1,200 మిల్లీగ్రాములకు పైనే. పొట్టులో ఉన్న కాల్షియం అంతా ఒంటికి పట్టదు గాని రెండు చెంచాల నువ్వుల పొడి అన్నంలో కలిపి తిన్నా చెప్పుకోదగ్గదే. వేయించి దంచుకుంటే ఇంకా మేలు. ఆకుకూరల్లో మునగాకు, తోటకూర, పొన్నగంటికూర, ఈ మూడింట్లోనూ వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు తగ్గదు. అవిసె ఆకులో దాదాపు 900. నూనె తీసే అవిసె గింజల చెట్టు కాదు సుమా, తమలపాకు తోటల్లో తీగలు పాకించడానికి వేసే అవిసె చెట్టు. కరివేపాకులో కూడా చాలా ఉంది, కాకపోతే మనం దాన్ని ఏరి కంచం పక్కన పెడతాం. ఎండబెట్టి పొడి కొట్టుకుంటే లోపలికి పోతుంది. ఉలవల్లో 270 దాకా ఉంది. ఉలవలు ఉడికించి ఆ నీళ్ళు చారు పెట్టుకుని గింజలు గేదెలకు పెట్టే ఇళ్ళే ఎక్కువ. ఆ గింజల్లో ఒక గుప్పెడు తాలింపు వేసి పిల్లలకు పెట్టాలి.

మాంసాహారులకు చిన్న చేపలున్నాయి. మున్నేరులో, చెరువుల్లో పడే పరిగెలు, సంతలో దొరికే ఎండు మెత్తళ్ళు ముల్లుతో సహా నమిలి తింటే అసలైన కాల్షియం. పెద్ద చేప ముక్కలో ముల్లు తీసి పారేస్తాం కాబట్టి అందులో అంత ఉండదు. ఊరంతా నమ్మే రెండు పొరపాట్లు కూడా ఇక్కడే చెప్పాలి. పాలకూర బలమంటారు. ఇనుముకు, ఇతర పోషకాలకు మంచిదే, కాని అందులో ఆక్సలేట్ ఎక్కువ, ఉన్న కాల్షియాన్ని కూడా ఒంటికి పట్టనివ్వదు. ఎముక కోసమైతే మునగాకు మేలు. రెండోది గుడ్డు. గుడ్డు తప్పక తినాలి, మాంసకృత్తుల కోసం. కాని గుడ్డు కాల్షియం అంతా మనం పారేసే పెంకులో ఉంది, లోపల ఉండేది పాతిక ముప్పై మిల్లీగ్రాములే.

పైన చెప్పిన 260 కంచాన్ని ఇప్పుడు మార్చి చూడండి. పొద్దున డెబ్భై ఐదు గ్రాముల రాగి పిండితో అంబలి, 260. మధ్యాహ్నం పప్పులో వంద గ్రాముల తోటకూర గాని మునగాకు గాని, 300. రెండు పూటలా కలిపి పావు లీటరు పెరుగో మజ్జిగో పాలో, 300. అన్నంలో రెండు చెంచాల నువ్వుల పొడి, 150 పైన. ఇవన్నీ కలిస్తే వెయ్యి అవుతుంది. ఇందులో పాలు తప్ప మిగతావన్నీ గట్టు మీద, దొడ్లో, ఇంటి వెనక పెరిగేవే. ఇదంతా అన్నం మానేయమని చెప్పడానికి కాదు. అన్నం తింటూనే.

పాల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలయ్యాక పాల వెల్లువ అన్నారు. మన జిల్లాలో ఊరూరా పాల కేంద్రాలు వచ్చాయి. పాల బిల్లు లేకపోతే ఎన్నో ఇళ్ళలో పిల్లల చదువులే సాగేవి కావు. పంట పోయిన ఏడాది కౌలు రైతు పురుగుల మందు డబ్బా వైపు చూడకుండా ఆపింది ఆ బిల్లే. సంఘంగా మేము సహకార పాల ఉద్యమాన్ని గౌరవిస్తాం. కాని వెన్న శాతం కోసం చివరి చుక్క దాకా క్యానులో పోసి, ఇంట్లో టీకి ప్యాకెట్ కొనుక్కునే ఇళ్ళు చూస్తున్నాం. పాలు పోసేవాడి బిడ్డ పాలు తాగని రోజు వచ్చింది. ఆ బిడ్డ తండ్రిని తిట్టడం తేలిక. లీటరుకు వచ్చే ధర దాణా ఖర్చుకు సరిపోనప్పుడు అర లీటరు ఇంటికి ఉంచుకోవడం అంటే ఆ నెల దాణా కొట్టు బాకీ తీర్చలేకపోవడమే. అందుకే పాల ధర పెంచమనే డిమాండు, బిడ్డకు గ్లాసు పాలు తాగించమనే మాట మాకు వేరువేరు కావు.

అయినా ఒక మాట. వెన్నతో కాల్షియానికి సంబంధం లేదు. వెన్న తీసిన మజ్జిగలో కాల్షియం అంతే ఉంటుంది. వెన్న చిలికి నెయ్యి అమ్ముకున్నా సరే, మజ్జిగ ఇంట్లో ఉంటుంది. పాలు పడని పెద్దవాళ్ళకు కూడా పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి. పొలానికి పోయేటప్పుడు కూల్‌డ్రింకు బాటిల్ బదులు మజ్జిగ సీసా కట్టుకుపోవడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు.

గేదె లేనివాళ్ళ సంగతి వేరు. సెంటు భూమి లేని కూలి తల్లికి పెరటి మునగ చెట్టు నాటుకోమని చెప్పడం సులువు, నాటడానికి పెరడేదీ? వాళ్ళ విషయంలో బాధ్యత సర్కారుదే. బడిలో మధ్యాహ్న భోజనంతో పాటు వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం 2023 మార్చిలో మన రాష్ట్రంలో మొదలైంది. అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు పాలు, గుడ్లు ఇస్తున్నారు. ఏ పార్టీ మొదలుపెట్టిందని చూడకుండా అవి ఆగకుండా, పలచబడకుండా చూడటం గ్రామ కమిటీల పని. పాల ప్యాకెట్ ఇంటికి పోయాక గర్భిణి తాగిందా, అత్తవారింటి టీ గిన్నెలోకి పోయిందా అన్నది మాత్రం సర్కారు చూడలేదు, మనమే చూడాలి.

మన నేల సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. జగ్గయ్యపేట చుట్టూ భూమి కింద ఉన్నదంతా సున్నపురాయే. సున్నపురాయి అంటే కాల్షియమే. రెండు వేల ఏళ్ళ కిందట జగ్గయ్యపేట స్తూపానికి చెక్కిన పలకలు ఆ జాతి రాయివే. ఇవాళ సిమెంటు ఫ్యాక్టరీలు రోజూ తవ్వి లారీలకెత్తేది అదే. ఇంత సున్నం మీద కూర్చున్న మనుషుల ఎముకల్లో సున్నం తక్కువ. మన మెట్ట బోరు నీళ్ళు గట్టివి. సబ్బు నురగ రాదు, గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఆ తెలుపులో కాల్షియం ఉంది. లీటరుకు 75 మిల్లీగ్రాములున్న నీళ్ళు రోజుకు మూడు లీటర్లు తాగితే 225 వచ్చినట్టే. ఇప్పుడు ఊరూరా ఇరవై లీటర్ల క్యాన్ల ప్లాంట్లు వచ్చాయి. మినరల్ వాటర్ అని పేరు, లోపలి యంత్రం చేసే పని మినరల్స్ తీసేయడం. ఆ నీళ్ళల్లో కాల్షియం నామమాత్రం.

అయితే వెంటనే క్యాను పారేసి బోరు నీళ్ళు తాగమని కాదు. మెట్టలో ఫ్లోరైడ్ భయం ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. పక్కనున్న నల్గొండ జిల్లాలో ఏం జరిగిందో మనకు తెలుసు. 1970లలో అక్కడ పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగిపోతుంటే పోషకాహార సంస్థ వాళ్ళు పరిశోధించారు. ఫ్లోరైడ్ అందరి నీళ్ళలోనూ ఉన్నా, తిండిలో కాల్షియం కరువైన ఇళ్ళలో దాని దెబ్బ మరింత గట్టిగా పడుతుంది. కాబట్టి చేయాల్సింది, ఊళ్ళో తాగే ప్రతి బోరుకూ ఫ్లోరైడ్ పరీక్ష చేయించడం. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఆ పరీక్ష చేస్తారు. ఫలితం పంచాయతీ గోడ మీద రాయించాలి. ఫ్లోరైడ్ లేని గట్టి నీళ్ళు దొరికితే అవి వదులుకోవద్దు. క్యాను నీళ్ళే తాగాల్సి వస్తే తిండిలో ఆ లోటు పూడ్చుకోవాలి.

తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి, అది ఎండ నుంచి వస్తుంది. రైతుకు ఎండకు కొదవేమిటని నవ్వుకోవచ్చు. తిరుపతిలో వైద్యులు జరిపిన పరిశోధనల్లో పల్లెటూరి వాళ్ళలోనూ విటమిన్ డి చాలామందికి తక్కువగానే ఉందని తేలింది. కాల్షియం తక్కువగా, ఫైటేట్ ఎక్కువగా ఉండే తిండి తింటే ఒంట్లో విటమిన్ డి కూడా తొందరగా ఖర్చవుతుందని వాళ్ళ వివరణ. పైగా పత్తి తీతకు, మందు చల్లడానికి పోయే ఆడవాళ్ళు ముఖానికి గుడ్డ, ఒంటి మీద మగవాళ్ళ చొక్కా వేసుకునే పోతారు. వేసుకోవాలి కూడా. ఇల్లు దాటని ముసలివాళ్ళు మాత్రం రోజూ కాసేపు అరుగు మీద ఎండలో కూర్చోవాలి.

మాత్రల గురించి క్లుప్తంగా. నాలుగో నెల నుంచి గర్భిణులకు, కాన్పయ్యాక ఆరు నెలల దాకా సర్కారు ఆసుపత్రిలో కాల్షియం మాత్రలు ఉచితంగా ఇస్తారు. అవి తప్పక వాడాలి. ఇనుము మాత్ర, కాల్షియం మాత్ర కలిపి మింగవద్దు, ఒకదాన్నొకటి పట్టనివ్వదు. కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. మన జిల్లాలోనే ఎ. కొండూరు మండలంలో మూత్రపిండాల జబ్బు ఎంతమందిని తినేసిందో చూశాం. ఆ జబ్బున్నవాళ్ళు, రాళ్ళ బాధ ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పకుండా కాల్షియం మాత్రలు వేసుకోకూడదు. తిండిలో వచ్చే కాల్షియం రాళ్ళు తెస్తుందన్న భయం మాత్రం అక్కర్లేదు. అది కడుపులోనే ఆక్సలేట్‌ను పట్టి బయటికి పంపుతుంది. అలాగే ప్రతి మోకాలి నొప్పీ కాల్షియం లోపం కాదు. ఏళ్ళ తరబడి వంగి చేసిన పనికి కీలు అరగడం వేరు, ఎముక గుల్లబారడం వేరు. నొప్పి బిళ్ళలు నెలల తరబడి మింగితే మూత్రపిండాలు పోతాయి. ఎముకకు వాటి వల్ల ఒరిగేది లేదు.

ఇక మా డిమాండ్లు. 2025–26కు రాగికి క్వింటాకు 4,886 రూపాయలు, నువ్వులకు 9,846 రూపాయలు మద్దతు ధర ప్రకటించారు. మధ్య రకం పత్తికి 7,710. కొనే కేంద్రం లేకపోతే ప్రకటించిన ధర కాగితం మీదే ఉంటుంది. నువ్వులు, కంది, ఉలవలు కొనుగోలు చేసే కేంద్రం నందిగామ, జగ్గయ్యపేట మార్కెట్ యార్డుల్లో తెరవాలి. అలా కొన్న దాన్ని రేషన్ షాపుకు, హాస్టళ్ళకు, అంగన్‌వాడీలకు మళ్ళించాలి. ఉలవకు మద్దతు ధర జాబితాలోనే చోటు లేదు, ముందు అది ఇవ్వాలి. పాల సేకరణ ధరను దాణా ధరతో ముడిపెట్టాలి. ఉపాధి హామీ పనుల్లో గట్ల మీద మునగ, అవిసె మొక్కలు నాటే పని పెట్టాలి.

ఇవన్నీ సాధించే దాకా మనం చేయగలిగింది ఒకటుంది. పత్తి చేలో ఎకరానికి నాలుగు సాళ్ళు నువ్వో కందో వేయడానికి, గట్టు మీద తోటకూర చల్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మునగ కొమ్మ నరికి తొలకరికి గుచ్చితే చాలు. ఈ నెల గ్రామ కమిటీ సమావేశానికి వచ్చేటప్పుడు చెట్టున్నవాళ్ళు నాలుగు మూరల మునగ కొమ్మలు కొట్టుకురండి, లేనివాళ్ళు తీసుకుపోతారు. మహిళా సభ్యులు తమ ఊళ్ళో గర్భసంచి ఆపరేషన్ అయిన నలభై ఏళ్ళ లోపు వాళ్ళు ఎంతమందో లెక్క రాసి తెండి, పేర్లు అక్కర్లేదు, లెక్క చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ముందు ఆ కాగితం పెట్టి మాట్లాడదాం.